మెట్లు లేని ఇల్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే బట్టల షాపులో మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక అందరం కౌంటర్ల వెనక కూర్చుంటాం. ఆ టైముకు ఎక్కువగా ఒకటే ముచ్చట నడుస్తుంది, ఎక్కడ ఉంటే మంచిది అని. ఒకాయన హైవే మీద చౌటుప్పల్ దాటినాక చిన్న ప్లాటు తీసుకుని రెండు రూములు వేసుకుంటానంటాడు. ఊరి గాలి, ఊరి నీళ్లు ఉంటే మనిషికి రోగమే రాదంటాడు. ఇంకొకాయనకు మెట్రో దిగి నడిచిపోయేంత దగ్గరలో ఇల్లు ఉండాలి, పిల్లల కాలేజీ పక్కనే ఉండాలి. నన్నడిగితే నేను నవ్వి ఊరుకుంటాను. నవ్వినప్పుడు నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు కనబడతాయి. అవి మా ఊరి నీళ్లు పెట్టిన చారలు.

మా అక్కకు ఆ నీళ్లు పళ్లతో ఆగలేదు.

మా ఊరు పోచంపల్లి దిక్కు. మాది మగ్గాల ఇల్లు. నాయిన నేసేవాడు, అమ్మ, అక్క రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేవాళ్లు. తాగే నీళ్లకు వాడకట్టు మొత్తానికి ఒక బోరింగు ఉండేది. అందులో ఫ్లోరైడ్ ఉందని అందరికీ తెలుసు. తెలిసి చేసేదేమీ లేదు, వేరే నీళ్లు లేవు. అక్క నాకంటే పదేళ్లు పెద్ద. బిందెలు మోసేది ఆమే. పెండ్లి ఈడుకు వచ్చేసరికి మోకాళ్లు పట్టేశాయి. తర్వాత నడుము, ఆ తర్వాత మెడ. ముప్ఫై దాటేసరికి ఆమె మొహం నేల దిక్కు వంగిపోయి మళ్లీ లేవలేదు. ఎవరితోనన్నా మాట్లాడాలంటే తల పక్కకు తిప్పి, ఒక కంటితో కింది నుంచి పైకి చూసేది. కొత్తవాళ్లు ఆ చూపుకు భయపడేవాళ్లు.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు నన్ను ఎల్‌బీ నగర్‌లో హాస్టల్‌లో వేయాలని ఇంట్లో కొట్లాట పెట్టింది అక్కే. అప్పటికి ఆమెకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి.

"వీన్ని ఈడ ఉంచొద్దు నాయినా. నా లెక్కనే అయితడు," అంది.

"హాస్టల్ల ఏం పెడ్తరో ఏమో, పోరడు సిక్కిపోతడు," అని అమ్మ ఏడ్చింది.

"ఏం పెట్టినా మంచిదే. నీళ్లన్న మంచియి తాగుతడు గదా."

అట్లా నేను సిటీలో పెరిగాను. నా కాళ్లు తిన్నగా ఉన్నాయి. చదువు పెద్దగా అబ్బకపోయినా బట్టల వ్యాపారం ఇంటి విద్య లాంటిదే కాబట్టి షాపులో కుదురుకున్నాను. చంపాపేట్‌లో పుట్టి పెరిగిన అమ్మాయిని చేసుకున్నాను. మాకొక పాప పుట్టింది. ఊర్లో నాయిన పోయాడు, తర్వాత అమ్మ పోయింది. అక్క ఒక్కతే ఆ ఇంట్లో ఉండి, మిగిలిన ఒకటి రెండు మగ్గాల ఇళ్లకు కండెలు చుట్టి ఇస్తూ బతికింది. రమ్మంటే వచ్చేది కాదు.

ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది. గొంతులో పండగ ఉంది.

"కృష్ణ నీళ్లొచ్చినయి తమ్మీ! మన గడప కాడికే నల్లా ఏసిండ్రు. ఎంత తియ్యగున్నయో."

మంచిదే అన్నాను. ఫోన్ పెట్టేసినాక షాపు మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. మంచినీళ్లు మా గడపకు వచ్చేసరికి వాటితో బాగుపడేదేదీ ఆమె ఒంట్లో మిగల్లేదు.

ఆ నల్లా దగ్గరే జారిపడింది. మణికట్టు విరిగింది. పక్కింటామె ఫోన్ చేస్తే పోయి చూశాను. చెయ్యి గుడ్డతో కట్టుకుని, పొయ్యి వెలిగించకుండా, అటుకులు నానబెట్టుకుని తింటోంది. ఇక నేను మాట వినలేదు. వ్యాన్ మాట్లాడి దిల్‌సుఖ్‌నగర్ తీసుకొచ్చాను.

అప్పుడు మేం మెయిన్ రోడ్డు వెనక గల్లీలో మూడో అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లం. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. బిల్డింగుకు లిఫ్టు లేదు. అక్కను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నేనూ, షాపులో నాతో పనిచేసే ఇద్దరూ కలిసి పైకి మోశాం. మెట్ల మలుపుల్లో కుర్చీ ఒరిగినప్పుడల్లా ఆమె నా చొక్కా కాలరు గట్టిగా పట్టుకుంది.

"నన్నేందిరా, బోనాల కాడ ఘటం మోసినట్టు మోస్తున్నరు," అని నవ్వింది కూడా.

పైన బాల్కనీలో ఆమెకు కుర్చీ వేశాం. మొదటిరోజు సాయంత్రం నేను షాపు నుంచి వచ్చేసరికి అక్కడే ఉంది, లోపలికి రానంది.

"ఊర్ల నాకు మనుషుల కాళ్లే కనవడుతుండె తమ్మీ. ఎవలొచ్చినా చెప్పులు జూసి గుర్తువడుతుంటి. ఈడికెళ్లి జూస్తే మనిషి మనిషంత కనవడుతున్నడు."

నిజమే. ఆమె మెడ కిందికే వంగి ఉంటుంది. మూడో అంతస్తు నుంచి కిందికి చూస్తే గల్లీ మొత్తం ఆమె చూపుకు సరిగ్గా సరిపోయింది. ఆమెకు ఇది సిటీ ఇచ్చిన బహుమానం అనుకున్నాను. కొన్ని నెలలు అట్లాగే అనిపించింది. ఎదురు హాస్టల్ అమ్మాయిల్లో ఎవరు ఏ రంగు చున్నీ వేసుకున్నారు, ఇస్త్రీ బండి ఆయన మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటాడు, ఏ బండివాడు రోజూ రాంగ్ రూట్‌లో వచ్చి ఎవరితో తిట్లు తింటాడు, అన్నీ చెప్పేది.

కొన్ని రోజులకు నా భార్య ఒక మాట అంది. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పొద్దంతా అక్కతో ఉండేది ఆమే.

"వదిన బాల్కనీల కూసోని కిందోళ్లతోని మాట్లాడుతున్నది. ఎట్లున్నవ్ బిడ్డా, తిన్నవా బిడ్డా అని. పెద్దగ గాదు, మెల్లగ. వాళ్లకు ఇనవడదు. ఒక్కలన్న తల పైకెత్తరు."

నేను ఒక ఆదివారం గమనించాను. అట్లాగే ఉంది. కింద ఒక అమ్మాయి ఫోన్‌లో ఏడుస్తూ నడుస్తుంటే అక్క బాల్కనీ కడ్డీల మధ్య నుంచి "ఊకో బిడ్డా, ఊకో," అంటోంది. ఆ అమ్మాయి గల్లీ దాటి వెళ్లిపోయింది. అక్క చాలాసేపు ఆ మలుపు దిక్కే చూసింది.

రెండేళ్లు పోయినా ఆమె దవాఖానకు తప్ప ఆ మెట్లు దిగలేదు. ప్రతిసారీ కుర్చీ, మనుషులు, బతిమాలడం. ఒకసారి కుర్చీ కాలు మెట్టుకు తగిలి ఆమె గోడకేసి కొట్టుకుంది. ఆ రోజు ఇంటికొచ్చాక నా భార్య తలుపు వేసి నాతో గట్టిగా మాట్లాడింది.

"నాకు మీ అక్క బరువు గాదు. తానం పోస్తున్న, తినవెడ్తున్న, ఎన్నడన్న ఒక్క మాటన్ననా? గీ మెట్లు బరువు. కింద ఇల్లు సూడు. ఏడైనా సరే."

ఆ మాట అనడానికి ఆమెకు ఎంత పట్టిందో నాకు తెలుసు. చంపాపేట్‌లో పుట్టింది, ఈ రోడ్ల మీదే పెరిగింది. తల్లిగారిల్లు దగ్గర, మార్కెట్ దగ్గర. కుట్టించుకునే ఆడవాళ్లంతా ఆ గల్లీలోనివాళ్లే. వదిలిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలు పెట్టాలి. ఊరి బయటి కాలనీలంటే ఆమెకు భయం కూడా. చీకటి పడితే మనుషులుండరని, ఆటోలు రావని అనేది.

మీర్‌పేట్ దిక్కు ఒక కాలనీలో కింది పోర్షను దొరికింది. పాత ఇల్లు. ముందు చిన్న వరండా, గేటు పక్కన కొంచెం మట్టి నేల. మెట్లన్నవి బయట మిద్దె మీదికి పోయేవే. ఇంటి ఓనరు డెబ్బై దాటిన ముసలామె, వెనక రూములో ఒక్కతే ఉండేది. కృష్ణా జిల్లా నుంచి ఎప్పుడో భర్త ఉద్యోగంతో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. భర్త పోయాడు. అక్కను వ్యాన్ దించి గేటులోంచి తెస్తుంటే ఆమె ఎదురొచ్చింది. అక్క నడుము చూసి మొహం అదోలా పెట్టలేదు, జాలిగా నాలుక చప్పరించలేదు.

"ఏమ్మా, ఇంత ఆలస్యం చేశారేంటి? కాఫీ పెట్టి ఎంతసేపయిందో. చల్లారిపోయింది, మళ్లీ పెడతానుండండి," అంది.

అక్క తల తిప్పి ఒక కంటితో ఆమెను చూసి, "నేను కాఫీ దాగ పెద్దమ్మా, చాయ్ పెట్టు," అంది. అట్లా మొదలైంది వాళ్ల స్నేహం.

మా ఇంట్లో నాకు తెలిసి అక్క మొహం తేటగా ఉన్న కాలం అదొక్కటే. పొద్దున లేవగానే కుర్చీ పట్టుకుని తనంతట తనే వరండాలోకి జరిగేది. కూరగాయల బండి, పాల ప్యాకెట్ల మనిషి, బడికి పోయే పిల్లలు, అందరూ గేటు దగ్గర ఆగేవాళ్లు. మళ్లీ కాళ్లే కనబడుతున్నాయి ఆమెకు, కానీ ఆ కాళ్లు ఆగుతున్నాయి. చెప్పులు చూసి పేరు పెట్టి పిలిచేది. ఆమె, ముసలామె ఇద్దరూ రోజంతా మాటల మీద కొట్లాడుకునేవాళ్లు. "అదేంటమ్మా, ఏందీ ఏందీ అంటావు, ఏంటి అనలేవూ?" అని ఆమె. "నువ్వే ఏంది అను, నోరు అరిగిపోతదా?" అని అక్క.

నేను షాపు నుంచి చీరలు తెచ్చి కొంగులకు కుచ్చులు కట్టే పని అక్కకు అప్పజెప్పాను. ఆమె వేళ్లు ఇంకా బాగా ఆడేవి. దారం చేతికిస్తే కండెలు చుట్టిన చెయ్యి తనకు తానే కదిలేది. మెల్లగా కాలనీ ఆడవాళ్లు కూడా తమ చీరలు తెచ్చి వరండాలో కూర్చుని కట్టించుకోవడం మొదలుపెట్టారు. వాళ్లే నా భార్య దగ్గర జాకెట్లూ కుట్టించుకున్నారు. ఆమె కూడా ఆ చోటుకు అలవాటుపడింది. ఒకరోజు అన్నం తింటూ, "గా గల్లీ కన్న ఇదే నయం. ఈడ గాలన్న ఒస్తది," అంది. అక్క విని తల కిందికి పెట్టుకునే నవ్వింది.

ఆ కాలనీ చెరువు కింద ఉంది. ఈ సంగతి మాకు తెలియదని చెప్పను. వానాకాలం రోడ్డు మీద నీళ్లు నిలవడం, రెండు రోజులకు తీయడం చూశాం. ఎక్కడ నిలవవు హైదరాబాద్‌లో, అనుకున్నాం.

ఆ ఏడు వాన వదలకుండా పట్టుకుంది. ఆ రోజు పొద్దున నేను షాపుకు పోయేటప్పటికి రోడ్డు మీద మడమల లోతు నీళ్లున్నాయి. మధ్యాహ్నం నా భార్య ఫోన్ చేసింది.

"చెరువు తెగిందంటున్నరు. వరండాలకొచ్చినయి. నువ్వు జల్ది రా."

వెనక నుంచి పాప ఏడుపు వినబడుతోంది. బస్సులు ఆగిపోయాయి. కొంత దూరం ఒక లారీవాడు ఎక్కించుకున్నాడు, తర్వాత నడిచాను. కాలనీ మొగదలకు వచ్చేసరికి నీళ్లు నా నడుము దాటాయి. మోరీల మురికినీళ్లు, చెత్త, ఎవరివో గ్యాస్ సిలిండర్లు తేలుతున్నాయి. మనుషులు మిద్దెల మీద నిలబడి అరుస్తున్నారు.

నేను లేనప్పుడు ఏం జరిగిందో తర్వాత నా భార్య చెప్పింది. నీళ్లు గడప దాటగానే అక్కను మంచం మీద పెట్టారు. మంచం తడిసేసరికి మంచం మీద కుర్చీ వేసి అందులో కూర్చోబెట్టారు. ఓనరు ముసలామె, నా భార్య చెరొక దిక్కు పట్టుకుని నిలబడ్డారు. ముసలామెను ముందు పైకి పొమ్మంటే పోలేదు.

"పిల్లా, నువ్వు పాపను దీస్కొని మీదికి పో," అంది అక్క.

"ఊకో వదినా."

"నా మాట ఇను. నేను ఎట్లనో ఉంట."

"ఎట్ల ఉంటవ్? ఈత కొడ్తవా?" అని నా భార్య ఏడుస్తూనే తిట్టిందట.

చివరికి పక్కిళ్ల మగవాళ్లు నలుగురు వచ్చారు. బయటి మెట్లు సన్నంగా, పక్కన కడ్డీ లేకుండా ఉంటాయి. కుర్చీతో ఎక్కడం కాలేదు. ఒకాయన అక్కను వీపు మీద వేసుకున్నాడు. మామూలు మనిషైతే వీపుకు అతుక్కుంటుంది, మెడ పట్టుకుంటుంది. అక్క ఒళ్లు వంగిన చోట వంగే ఉంటుంది, చాపితే చాపుకోదు. మెట్ల మధ్యలో ఆమె జారింది. కింది నుంచి ఇంకొకాయన ఆమె కాలు పట్టుకుని పైకి నెట్టాడు. నెట్టకపోతే నీళ్లలో పడేది. ఆ నెట్టుడుకే తుంటి విరిగింది. ఎవరిదీ తప్పు కాదు. విరిగిన చప్పుడు తనకు వినబడిందని నా భార్య తర్వాత చాలా రోజులకు చెప్పింది.

నేను మిద్దె మీదికి చేరేసరికి సాయంత్రమైంది. ప్లాస్టిక్ కవరు కింద అందరూ ముడుచుకుని ఉన్నారు. ముసలామె అక్క తల ఒళ్లో పెట్టుకుంది. అక్క నన్ను గుర్తుపట్టింది నా చెప్పుల్లేని కాళ్లు చూసి.

"తమ్మీ, ఇండ్ల చీరలున్నయి. మందియి, కుచ్చులకు ఇచ్చినయి. పోయినయా?"

పోయాయని చెప్పాను. నొప్పి ఉందా అని అడిగితే లేదంది.

దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూపించాడు. ఈ ఎముకలు పైకి గట్టిగా కనిపించినా సుద్దముక్కల్లాంటివి, రాడ్డు వేస్తే నిలవదు, ఇంకో చోట విరుగుతుంది అన్నాడు. మంచం మీదే ఉంచండి అన్నాడు.

మీర్‌పేట్ ఇంట్లో గోడలు మనిషెత్తు తడిసిపోయి, నేలంతా బురదే. మంచం పట్టిన మనిషిని అక్కడ పడుకోబెట్టలేం. ముసలామె తన రూములో బురద తానే ఎత్తుకుంటూ, "వెళ్లండి బాబూ, ఆవిణ్ణి పొడిగా ఉన్నచోట పెట్టండి. నేనెక్కడికి పోతాను, నా ఇల్లు ఇదే," అంది.

ఎల్‌బీ నగర్‌లో హైవేకు దగ్గరగా కింద రెండు రూములు దొరికాయి. అంతకంటే వెతికే ఓపిక లేదు. అక్క మంచం కిటికీ పక్కన వేశాం. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్కపోత. బస్సులు ఆగే చోటు పక్కనే. పొద్దున్నుంచి ప్యాసింజర్లను పిలిచే కేకలు. చౌటుప్పల్, నార్కెట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట. ఆమె కళ్లు మూసుకుని వింటూ ఉండేది. చౌటుప్పల్ అన్నప్పుడు కనురెప్పలు కదిలేవి. ఊరికి పోవాలంటే అక్కడ దిగేవాళ్లం.

"నన్ను ఊరికి తీస్కపో తమ్మీ," అని ఒకరోజు అడిగింది. ఎప్పుడూ ఏమీ అడగని మనిషి.

నా భార్య ఒప్పుకోలేదు. "ఆడ ఎవలు జూస్తరు వదినా? మందులెవలిస్తరు?"

"మన వాడకట్టుల అందరు లేరా? పొద్దుకు పదిమంది ఒచ్చి కూసుంటుండ్రి. నువ్వు జూల్లే గాని."

ఇక్కడ మాత్రం ఏముంది, కోరిక ఒకటే కదా అనుకున్నాను. షాపులో సెలవు పెట్టి, వ్యాన్‌లో పరుపు వేసి తీసుకుపోయాం. తాళం తీసి ఇల్లు ఊడ్చి, గడప ముందు మంచం వేసి ఆమెను పడుకోబెట్టాం. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. వాడకట్టులో రెండిళ్లలో తప్ప పొయ్యి వెలగలేదు. మగ్గాల చప్పుడు లేదు. పక్కింటామె పోయిన ఏడే చనిపోయిందట, మాకెవరూ చెప్పలేదు. అక్కతో కలిసి బోరింగు కాడ బిందెలు మోసిన వాళ్లలో చాలామంది లేరు. ఉన్నవాళ్లలో ఒకామె మంచంలో ఉంది. మిగిలినవాళ్లను పిల్లలు తీసుకుపోయారు, హయత్‌నగర్‌కు, వనస్థలిపురానికి, మా దిల్‌సుఖ్‌నగర్‌కే. ఒక ముసలాయన మాత్రం కట్టె పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. కాసేపు అక్కను చూసి, "నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా?" అన్నాడు. లేచి పోయాడు.

నల్లా నుంచి నీళ్లు పట్టి గ్లాసులో ఇచ్చాను. రెండు గుక్కలు తాగింది.

మర్నాడు పొద్దున నన్ను పిలిచింది. "పోదాం తమ్మీ."

"ఇంక రెండు రోజులుందాం అక్కా. సెలవు పెట్టిన గదా."

"ఎందుకు? నేను సచ్చిపోతే ఈడ మోసెటందుకు నలుగురు లేరు."

కోపంగా అనలేదు. బజారుకు పోయి అక్కడ వస్తువు దొరకదని తెలుసుకుని వచ్చినట్టు అంది. ఊరి గురించి ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. బయట చౌటుప్పల్ అని కేక వేసినా కనురెప్ప కదిలేది కాదు. నాకు అన్నిటికంటే అదే భరించరానిదిగా అనిపించింది.

చలికాలం చివర్లో ఆమెకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. దవాఖానలో చేర్చిన రెండోనాడు పొద్దున, నేను చాయ్ తాగడానికి బయటికి పోలేదు, నిద్రపోలేదు, పక్కనే ఉన్నాను, అయినా ఎప్పుడు పోయిందో తెలియలేదు. నర్సు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి చెప్పింది.

అంబులెన్స్‌లో ఎల్‌బీ నగర్ ఇంటికి తెచ్చాం. గేటు మూసి ఉంది. లోపలి నుంచి ఓనరు వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. చేతులు జోడించే మాట్లాడాడు.

"తప్పనుకోవద్దన్నా. ఇయ్యాల నచ్చత్రం మంచిగ లేదట. పీనుగ గేటు లోపటికి ఒస్తే ఇల్లు మూసిపెట్టాలె. మీద కిరాయిదార్లున్నరు, వాళ్లు ఒప్పుకోరు. ఏమనుకోకు."

"స్నానమన్నా పోయించనియ్యండి. ఒక గంట," అన్నాను.

"వద్దన్నా. అట్నుంచి అటే తీస్కపోండి."

రోడ్డు మీద అంబులెన్స్ ఇంజను ఆడుతూనే ఉంది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. చుట్టాలొకరు మా ఊరికి తీసుకుపోదామన్నారు. ఊర్లో అక్క అన్న మాట గుర్తొచ్చి కాదన్నాను. నా భార్య అంబులెన్స్‌లోంచి దిగలేదు. అక్క పక్కనే కూర్చుని ఎవరికో ఫోన్ చేసింది. ఫోన్ నాకు ఇచ్చింది. అవతల మీర్‌పేట్ ముసలామె.

"బాబూ, ఎందుకు రోడ్డు మీద పెట్టుకుని నిలబడ్డారు? ఇక్కడికి తీసుకొచ్చేయండి."

"మీ ఇంట్ల పెట్టొచ్చా పెద్దమ్మా? నచ్చత్రం..."

"ఇదే వరండాలోంచి మా ఆయన్ని పంపించాను. ఆ ఇంట్లోనే బతికాను కదా ఇన్నేళ్లూ. రండి, నీళ్లు కాస్తూ ఉంటాను."

మీర్‌పేట్ ఇంటి గోడల మీద నీళ్లు నిలిచిన గీత ఇంకా ఉంది. వరండాలో చాప వేసి అక్కను పడుకోబెట్టారు. వెల్లకిలా పడుకోబెట్టడం కాలేదు, ఒంగినట్టే పక్కకు పడుకోబెట్టాల్సి వచ్చింది. కాలనీ ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. నీళ్లలో తమ చీరలు పోగొట్టుకున్నవాళ్లు కూడా వచ్చారు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. స్నానం చేయించి పసుపు రాశారు. ముసలామె అక్క జుట్టు దువ్వుతూ, "ఏంది, ఏంది అని బతికున్నంతకాలం నా బుర్ర తినేసింది," అని ఏడ్చింది. ఏంది అన్న మాట ఆమె నోట మొదటిసారి విన్నాను. మోయడానికి ఆ వీధి మగవాళ్లు వచ్చారు. మిద్దె మెట్ల మీద అక్కను నెట్టినాయన ముందు వరుసలో భుజం పట్టాడు. దారిపొడుగునా ఎవరికీ భుజం మార్చలేదు.

పదకొండు రోజుల కర్మ కూడా ఆ వరండాలోనే చేశాం. అదైపోయాక ఎల్‌బీ నగర్ ఇల్లు ఖాళీ చేయాలి. ఆ ఓనరు మొహం చూసి అక్కడ ఉండలేం. చంపాపేట్‌లో మొదటి అంతస్తు ఒకటి చూశాను. మంచి ఇల్లు, వెలుతురు ఉంది, తల్లిగారింటికి దగ్గర. నా భార్య సంతోషిస్తుందనుకున్నాను. ఆమె గదులన్నీ తిరిగి చూసి, బయటికి వచ్చి ఆటోలో కూర్చుంది.

"మీర్‌పేట్‌కే పోదాం," అంది.

"ఆ ఇంటికా? మళ్ల వాన పడితే?"

"పడ్తది. పడితే మీదికెక్కుతం. మనకు కాళ్లున్నయి గదా."

నేను ఆమె మొహం దిక్కు చూశాను. ఆమె రోడ్డు దిక్కు చూస్తోంది. ఆటో అతను ఎటు పోవాలని అడిగాడు. ఆమే చెప్పింది.

ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉన్నాం. గోడలకు సున్నం వేయించాం. వానాకాలం మొదలు కాగానే మిషను, టీవీ, బియ్యం డబ్బా మిద్దె మీద రేకుల గదిలోకి ఎక్కిస్తాం. ముసలామె మోకాళ్లు కూడా ఇప్పుడు పట్టేస్తున్నాయి. మబ్బు పడితే ఆమెను ముందే పైకి తీసుకుపోతాం. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, మెట్టు మెట్టుకూ ఆగి, ఊపిరి పీల్చుకుంటూ ఎక్కుతుంది. కింది నుంచి నా భార్య ఆమె నడుము పట్టుకుంటుంది.